నర్సింగ్‌లో ఎందుకు చేరాను

ఫిజియోథెరపీ, అంటే వ్యాయామాలతో కదలికను తిరిగి తెప్పించే వైద్యంలో, అసిస్టెంటు పని వైపు వెళ్లకుండా నర్సింగ్ ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలంటే నాన్నతో మొదలుపెట్టాలి. మా నాన్న కొబ్బరి దింపు తీసేవారు. కోనసీమలో పుట్టినవారికి ఆ పని గురించి చెప్పనక్కరలేదు గాని, బయటివారి కోసం రెండు మాటలు రాస్తున్నాను. రెండు నెలలకో, కాస్త అటూ ఇటూగానో తోట యజమాని కబురు పెడతాడు. మనిషి కత్తి నడుముకు దోపుకొని, కాళ్లకు తాడు వేసుకొని చెట్టెక్కి ముదిరిన గెలలు కోసి దింపుతాడు. ఎక్కిన చెట్లను లెక్కగట్టి కూలి ఇస్తారు. ఇరవై రెండేళ్లు ఆ పని చేసిన మనిషి 2021 శ్రావణ మాసంలో, రాత్రి కురిసిన వానకు తడిసిన మాను ఇంకా ఆరకముందే ఎక్కి, సగం ఎత్తు నుంచి జారి పడ్డారు. అప్పటికి నేను ఇంటర్మీడియట్ బై.పి.సి. మొదటి సంవత్సరంలో ఉన్నాను.

పడినచోటి నుంచి ఆయనను లేపింది నేనూ, మరో ముగ్గురూ. ఇద్దరం చంకల కింద, ఇద్దరు కాళ్ల దగ్గర పట్టుకొని, నడుము మధ్యలో వేలాడుతుండగా మోసుకెళ్లి ఆటో వెనక సీటులో వంకరగా కూర్చోబెట్టాం. వెన్ను విరిగిందన్న అనుమానం ఉన్న మనిషిని అలా ఎత్తకూడదనీ, 108 వచ్చేదాకా కదపకుండా ఉంచడమే మేలనీ, కదపక తప్పకపోతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్టు దుంగను దొర్లించినట్టు దొర్లించి బల్ల మీదికి చేర్చాలనీ నాకు రెండేళ్ల తర్వాత నర్సింగ్ మొదటి సంవత్సరం తరగతిలో తెలిసింది. ఆ పాఠం విన్న మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్లలేదు. మేము ఎత్తిన తీరు వల్ల నష్టం పెరిగిందో, పడినప్పుడే అంతా అయిపోయిందో ఇక ఎవరూ తేల్చలేరు.

కాకినాడలోని ఒక ఆసుపత్రిలో తీసిన స్కాన్‌లో, ఛాతీ వెన్నుపూసల్లో చివరిదైన పన్నెండోదీ, నడుము పూసల్లో మొదటిదీ కలిసే చోట పూస నలిగినట్టు కనిపించింది. ఎత్తు నుంచి పడినవారికి తరచుగా దెబ్బ తగిలేది అక్కడే. పక్కటెముకల ఆసరాతో బిగువుగా ఉండే పై భాగమూ, సులువుగా వంగే నడుమూ అక్కడ కలుస్తాయి. వెన్నుపాము కూడా దాదాపు అక్కడే ముగిసి, ఆ కింద గుర్రపు తోకలాగా విడివిడి నరాలుగా దిగుతుంది. నాన్నకు కాళ్లలో స్పర్శ కొంత మిగిలింది, కదలిక లేదు. స్పర్శ మిగలడం మంచి సూచనేనని చెప్పిన డాక్టరు గారు ఆరోగ్యశ్రీ కింద రాడ్లూ స్క్రూలూ వేసి పూసను నిలబెట్టారు.

ఆ వార్డులో మేము ఇరవై ఆరు రోజులు ఉన్నాం. పగలు అమ్మ, రాత్రి నేను. ఆరో రోజు రాత్రి రెండు గంటల వేళ నైట్ డ్యూటీ సిస్టర్ గారు మంచాల మధ్య నడుస్తూ వచ్చి, నాన్న మంచానికి వేలాడుతున్న మూత్రం సంచిని చూసి ఆగారు. “బాబూ, సాయంత్రం నుంచి దీన్ని ఎవరైనా ఖాళీ చేశారా?” అని అడిగారు. లేదండీ అన్నాను. సెలైన్ మూడు సీసాలు ఎక్కాయి, సంచిలో మాత్రం సాయంత్రం ఉన్నంతే ఉంది. ఆవిడ పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసి, దుప్పటి తొలగించి, తొడ కింద నలిగి మడతపడిన గొట్టాన్ని సరిచేశారు. చూస్తుండగానే సంచి నిండసాగింది. నాన్న మెలకువగానే ఉన్నారు; మూత్రాశయం ఉబ్బిన సంగతి ఆయనకు తెలియలేదు, పక్కనే కూర్చున్న నాకూ తెలియలేదు. ఆ వేళప్పుడు వార్డులో డాక్టరు లేరు, ఆ సంచిని చూడమని ఆవిడకు ఎవరూ చెప్పనూ లేదు.

మరునాటి నుంచి ఆవిడ వెంట తిరగడం నాకు అలవాటైంది. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలని, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలని నేర్పారు. ముడ్డిపూస దగ్గర చర్మం ఎర్రబడితే వేలితో నొక్కి చూడాలి; నొక్కినప్పుడు తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా ఫరవాలేదు, నొక్కినా ఎరుపు పోకపోతే పడక పుండు మొదలైనట్టే. ఇంత చిన్న పరీక్షకు యంత్రం అక్కరలేదన్న విషయం నన్ను చాలాకాలం వదలలేదు.

ఇంటికి వచ్చాక కథలోకి రెండో మనిషి ప్రవేశించారు. రాజోలు నుంచి మోటారు సైకిలు మీద కాలువ గట్టు వెంట వచ్చే ఫిజియోథెరపిస్టు గారు ఆయన. మొదటి రోజే ఒక నోటుపుస్తకం తెప్పించి, కాళ్లలోని ముఖ్యమైన కండరాల పేర్లు వరుసగా రాసి, ప్రతిదానికీ సున్నా నుంచి అయిదు వరకు అంకె వేశారు. కండలో చలనమే లేకపోతే సున్నా. కాలు కదలకపోయినా కండ బిగుసుకోవడం చేతికి తెలిస్తే ఒకటి. భూమి లాగే బరువు అడ్డు లేకుండా, అంటే పక్కకు పడుకోబెట్టినప్పుడు కదిలితే రెండు. ఆ బరువును ఎదిరించి లేస్తే మూడు. మనం చేత్తో ఆపుతున్నా కొంత లేస్తే నాలుగు, మామూలు మనిషి బలం ఉంటే అయిదు. నాన్న పుస్తకంలో ఆ రోజు దాదాపు అన్నీ సున్నాలే. ఏడో వారంలో కుడి తొడ ముందు కండ మీద నా చెయ్యి పెట్టించి, మోకాలి కింద చుట్టి పెట్టిన తువ్వాలును నొక్కమని నాన్నకు చెప్పారు. చేప తోక ఆడించినట్టు లోపల ఏదో కదిలింది. ఆయన ఏమీ మాట్లాడకుండా సున్నా కొట్టేసి ఒకటి వేశారు. అమ్మ మాత్రం ఆ ఒకటిని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో మళ్లీ చూసుకుంది.

పట్టుకొని నడిచే కడ్డీలు కొనాలంటే మా తాహతుకు మించిన ఖర్చు. ఆయనే ఉపాయం చెప్పారు. సముద్రం ఒడ్డు తోటల నుంచి నాలుగు సరుగుడు బాదులు తెప్పించి పెరట్లో పాతి, నాన్న తుంటి ఎత్తుకు రెండు పొడవాటి కర్రలు అడ్డంగా కట్టించారు. మోకాళ్లు మడతపడకుండా పట్టీలు బిగించి, ఆ కర్రల మధ్య నాన్నను మొదటిసారి నిలబెట్టిన రోజు, చెట్టు నుంచి పడిన మనిషి నిలువుగా ఎంత ఎత్తుంటారో మేము మరచిపోయామని గ్రహించాం.

విజిటుకు నాలుగు వందలు. వారానికి మూడుసార్లు రప్పించుకున్న మేము నాలుగు నెలలకు వారానికి ఒకసారికి దిగాం. మిగిలిన రోజులకు ఏమేమి చేయాలో ఆయన పుస్తకంలో రాసి వెళ్లేవారు, నేను చేయించేవాడిని: ఏ కాలు ఎన్నిసార్లు, ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎక్కడ ఆపాలి. ఇప్పుడు ఆలోచిస్తే నేను ఆ ఏడాది పొడవునా జీతంలేని ఫిజియోథెరపీ అసిస్టెంటునే. ఆ పని నాకు ఇష్టమైంది, చేయి తిరిగింది కూడా. ఇంటర్ తర్వాత ఇదే చదవాలని దాదాపు ఖాయం చేసుకున్నాను.

ఆ ఖాయాన్ని కదిలించింది ఒక సాయంత్రం. వ్యాయామానికి ఎడమ కాలు చేతిలోకి తీసుకుంటే పిక్క కుడిదానికంటే లావుగా, వెచ్చగా ఉంది. నీరు పట్టిందనుకొని నూనె రాసి కిందినుంచి పైకి తోముదామని గిన్నె దగ్గర పెట్టుకొని, ఎందుకో అనుమానం వచ్చి ఆయనకు ఫోను చేశాను. “తోమొద్దు. ముట్టుకోవద్దు. కాలు కదపకుండా ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి” అన్నారు. కదలిక లేని కాళ్లలో లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం ఉంటుందనీ, తోమితే ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదనీ తర్వాత వివరించారు. గడ్డే అని స్కాన్‌లో తేలింది. రక్తం పలచబడే మందులతో గండం గడిచింది. పుస్తకంలో రాసినవన్నీ ఒక్క తప్పు లేకుండా చేయిస్తున్న నాకు, పుస్తకంలో రాయనిది ఎదురైనప్పుడు ఏమీ తెలియదన్నది ఆ సాయంత్రం తేలిపోయింది. రాత్రి రెండు గంటలకు మూత్రం సంచి దగ్గర ఆగిన సిస్టర్ గారు అప్పటి నుంచి మళ్లీ మళ్లీ గుర్తొచ్చారు.

ఇంటర్ రెండో సంవత్సరంలో చదువుల వివరాలు పట్టుకొని కూర్చున్నాను. నర్సింగ్‌లో, ఊళ్లలో పని చేసే సహాయక నర్సుల చదువైన ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, డిప్లొమా అయిన జి.ఎన్.ఎం. మూడేళ్లు, డిగ్రీ అయిన బి.యస్సీ. నాలుగేళ్లు. ఫిజియోథెరపీలో డిగ్రీ అయిన బి.పి.టి. అప్పటికి ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు కలుపుకొని నాలుగున్నరేళ్లు. అసిస్టెంటు పనికి మాత్రం మన దగ్గర అంత స్పష్టమైన దారి కనిపించలేదు. ఇంటర్ వొకేషనల్‌లో ఫిజియోథెరపీ కోర్సు ఉంది. అది చదివినవారూ, ఏదీ చదవకుండా క్లినిక్‌లో పని నేర్చుకున్నవారూ ఒకే బల్ల దగ్గర ఒకే పని చేస్తూ నాకు కనిపించారు. మా వైపు జనం వాళ్లను “కరెంటు పెట్టే అబ్బాయి” అంటారు. మెడకో నడుముకో మెత్తలు అతికించి మీట తిప్పి, గడియారం పెట్టి పక్క మంచానికి వెళ్లిపోయే పని. ఆ పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, నొప్పితో వచ్చినవారు దాంతో తేలికపడి వెళ్లడం చూశాను. అయితే పదేళ్ల తర్వాత కూడా అదే మీట దగ్గర ఉండే అవకాశమే ఎక్కువ.

ఇదే పని అమెరికాలో వేరుగా ఉంటుందని మా వదిన ద్వారా తెలిసింది. ఆవిడ మా మేనత్త కూతురు, పెళ్లయి ఒహైయో వెళ్లి అక్కడ ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంటుగా చేస్తున్నారు. నా సంగతి విని వీడియో కాల్‌లో, “ఒరేయ్, ఇక్కడ అసిస్టెంటంటే మన రాజోల్లో కరెంటు పెట్టే అబ్బాయి కాదురా” అని మొదలుపెట్టి గంటన్నర చెప్పారు. గుర్తింపు ఉన్న కళాశాలలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదవాలి, జాతీయ పరీక్ష నెగ్గాలి, రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. ఆ తర్వాత వ్యాయామాలు చేయించడం, నడిపించడం, యంత్రాలు వాడటం, రోగి మెరుగవుతున్న తీరు నమోదు చేయడం అన్నీ చేయవచ్చు. తొలి పరీక్ష చేసి చికిత్స ఏమిటో నిర్ణయించేదీ, దాన్ని మార్చేదీ మాత్రం ఫిజికల్ థెరపిస్టే. పిక్క వాచి వెచ్చగా ఉంటే ఏం చేస్తారని అడిగాను. “ఆపేసి, థెరపిస్టుకు చెబుతాం. ఎక్కడ ఆపాలో తెలియడమే మా చదువులో సగం” అన్నారు.

పిల్లలు చిన్నవాళ్లు కావడంతో, రాత్రి డ్యూటీలు లేవని ఆవిడ ఆ పని ఎంచుకున్నారు. ఆ విషయంలో ఆవిడకు విచారం లేదు. విసుగు మాత్రం ఉంది. వృద్ధుల ఆశ్రమాల్లో పని చేసినప్పుడు రోజులో ఎన్ని నిమిషాలు రోగితో గడిపారో లెక్కగట్టి అడుగుతారట. పైగా 2022 జనవరి నుంచి, వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ అసిస్టెంటు చేసిన చికిత్సకు, థెరపిస్టు చేస్తే ఇచ్చే దానిలో 85 శాతమే చెల్లిస్తోంది. అసిస్టెంటు నుంచి థెరపిస్టు కావాలంటే డిగ్రీ పూర్తి చేసి, ఆపై మూడేళ్ల డాక్టరేటుకు మళ్లీ మొదటి నుంచి వెళ్లాల్సిందే తప్ప మెట్టు మీద మెట్టు ఎక్కే వీలు దాదాపు లేదు. నర్సుకైతే అక్కడ రెండేళ్ల చదువుతో మొదలుపెట్టి, పని చేస్తూనే నర్సింగ్ డిగ్రీ అయిన బి.ఎస్.ఎన్., ఆపైన మందులు కూడా రాయగల నర్స్ ప్రాక్టీషనర్ వరకు వెళ్లే మెట్లున్నాయి. 2023 ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వార్షికాదాయం సుమారు 86 వేల డాలర్లు, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్లది సుమారు 64 వేలు.

ఆ డాలర్ల లెక్క కంటే నన్ను ఆకర్షించింది ఇంకో విషయం. అమెరికా కార్మిక శాఖ “షెడ్యూల్ ఎ” అనే జాబితాలో నర్సులనూ ఫిజికల్ థెరపిస్టులనూ చేర్చింది. ఈ రెండు వృత్తులవారిని విదేశాల నుంచి తీసుకొనే యజమాని, స్థానికంగా మనుషులు దొరకడం లేదని విడిగా నిరూపించనక్కరలేదు. అసిస్టెంట్లు ఆ జాబితాలో లేరు. అంటే వదిన చేసే పని, అక్కడికి ఎలాగో ఒకలా చేరుకున్నవారికి మంచి పనే గాని, ఇక్కడి నుంచి తీసుకెళ్లే పని కాదు. నర్సు మాత్రం అమెరికాలో లైసెన్సుకు కావలసిన ఎన్‌క్లెక్స్ పరీక్షను మన దేశంలోనే రాయవచ్చు. మా రాజోలు, మలికిపురం వైపు ప్రతి వీధిలోనూ కువైటుకో మస్కటుకో దుబాయికో వెళ్లినవారు ఉంటారు కనుక, ఏ చదువైనా సరిహద్దు దాటుతుందా అన్న ప్రశ్న మా ఇళ్లలో ఫీజు ఎంతన్న ప్రశ్న కంటే ముందే వస్తుంది. వెళ్లాలని నాకు గట్టి కోరిక లేదు. తలుపు మూసి ఉండకూడదని మాత్రం అనిపించింది.

ఇక ఊరి సంగతి. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద ఈ ప్రాంతం వారెవరూ మరచిపోరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు, లంక గ్రామాలు మునిగాయి. మా ఊరికి వచ్చే కాజ్‌వే మీద నడుము లోతు నీళ్లు పారాయి. ఫిజియోథెరపిస్టు గారు పన్నెండు రోజులు రాలేకపోయారు. ఆయన తప్పు లేదు, దారి లేదు. నాలుగో రోజున మాత్రం ఏ.ఎన్.ఎం. గారు నాటు పడవ మీద వచ్చి, ఇంటింటికీ క్లోరిన్ మాత్రలూ జ్వరం మందులూ పంచుతూ, మా అరుగు మీదికి ఎక్కి నాన్న మడమలు తిప్పి చూశారు. ఊరి పేరు మీద ఉద్యోగం ఉన్న మనిషి ఆవిడ. పట్నంలో క్లినిక్ ఉన్న మనిషి ఆయన. వీరిద్దరిలో ఎవరి పని గొప్పదన్న మాట వద్దు. నాన్న నిలబడ్డారంటే అది ఆయన చలవే. అయినా మాలాంటి ఊళ్లలో ఫిజియోథెరపిస్టుకు కుర్చీ వేసినవారు ఎవరూ లేరు, నర్సుకు వేశారు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లుగా, అంటే డాక్టరుకూ ఏ.ఎన్.ఎం.కూ మధ్య స్థాయి సిబ్బందిగా, బి.యస్సీ. నర్సింగ్ చదివినవారిని తీసుకోవడం చూశాకే, జి.ఎన్.ఎం. కంటే ఒక ఏడాది ఎక్కువైనా బి.యస్సీ. వైపు మొగ్గాను.

చేరతానన్నప్పుడు ఇంట్లో అభ్యంతరం డబ్బు గురించి వస్తుందనుకున్నాను, రాలేదు. మా పెదనాన్న, “మగపిల్లాడివి, నర్సమ్మ చదువేంటిరా?” అన్నారు. నిజానికి ఆ మాటకు మగ రూపం తెలుగులో లేదు. వార్డుల్లో మమ్మల్ని “బ్రదర్” అని పిలుస్తారు. కొందరు ముసలమ్మలు దాన్ని “బాదర్ గారూ” చేశారు, నాకు అదే బాగుంటుంది. పెదనాన్నకు నాన్నే జవాబు చెప్పారు: “నన్ను ఆసుపత్రిలో పక్కకు తిప్పాలంటే ఇద్దరు ఆడపిల్లలు నడుములు పట్టుకొనేవారన్నయ్యా. వీడైతే ఒక్కడే తిప్పుతాడు.” నడుము నొప్పి ఈ వృత్తిలో ఎంత సాధారణమో అప్పటికి ఆయనకూ నాకూ తెలియదు.

ఇదంతా చదివి, నర్సింగే మేలని నేను చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే పూర్తిగా సరికాదు. మా ఇంట్లో మరికొంత వెసులుబాటు ఉండి, నాలుగున్నరేళ్ల తర్వాత మరో రెండేళ్లు పై డిగ్రీ అయిన ఎం.పి.టి. కూడా చదివించగలిగితే నేను ఫిజియోథెరపీ డిగ్రీలోనే చేరేవాడినేమో. నేను కాదనుకున్నది అసిస్టెంటు పనిని, అదీ మన దగ్గర ఉన్న తీరులో. నర్సూ అసిస్టెంటూ ఇద్దరూ ఇంకొకరి ఆదేశం ప్రకారమే పని చేస్తారు కదా అని మా సీనియర్ ఒకరు వాదించారు. నిజమే, మందు రాసేది డాక్టరే. అయితే ఆదేశానికీ ఆదేశానికీ మధ్య ఉన్న ఆరేడు గంటలు రోగి ఎవరి చేతుల్లో ఉంటాడన్న చోట తేడా ఉంది. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు వార్డులో నిలబడ్డాక అది వాదనగా కాక బరువుగా తెలిసింది. ఆ బరువు వద్దనుకొనేవారికి, రాత్రిళ్లు ఇంట్లో ఉండవలసినవారికి, ఒకే మనిషి నెలల తరబడి కొద్దికొద్దిగా కోలుకోవడం చూడాలని ఉన్నవారికి వదిన దారే మంచిది. నర్సుకు ఆ చివరి భాగం చూసే భాగ్యం ఉండదు; మేము గట్టెక్కించినవారు నడిచారో లేదో మాకు తెలియదు, మంచం మీదికి ఇంకొకరు వచ్చేస్తారు.

నాన్న ఇప్పుడు పాదాలు జారిపోకుండా బూటులాంటి పట్టీలు తొడుక్కొని, వాకర్‌తో కాలువ దాకా నడుస్తారు. కొబ్బరి వలిచే చోట కాయల లెక్క రాస్తారు. ఫిజియోథెరపిస్టు గారు రెండు నెలలకోసారి వచ్చి, పాత నోటుపుస్తకం నిండిపోతే కొన్న కొత్తదానిలో అంకెలు వేసి వెళతారు, డబ్బు తీసుకోవడం మానేశారు. దసరా సెలవులకు వెళ్లినప్పుడు చివరి పేజీ చూశాను. పాదం పైకెత్తడం: కుడి మూడు, ఎడమ రెండు. అంతకు ముందు పేజీలోనూ అవే అంకెలు ఉన్నాయి.